పై కడ్డీ ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ నాకు సరిపోతుందా? రోజూ డ్యూటీకి 26 కిలోమీటర్లు, ఆదివారం చెరువు కట్ట

అమీన్‌పూర్_చెరువుకట్ట:

అందరికీ నమస్కారం. నా వయసు 38. గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇల్లు అమీన్‌పూర్‌లో, బీరంగూడ కమాన్ నుంచి లోపలికి రావాలి. ఉదయం 8 గంటలకు డ్యూటీ. ఇంటి నుంచి ల్యాబ్‌కు దూరం 13 కిలోమీటర్లే. కానీ షేర్ ఆటోలో లింగంపల్లి చేరి, అక్కడ బస్సు పట్టుకుని వెళ్ళేసరికి గంటంపావు పడుతోంది. ఉన్న ఒక్క స్కూటీ మా ఆయన తీసుకెళ్తారు.

రెండు నెలల కిందట మా ల్యాబ్‌లో నా రక్తం నేనే మెషిన్‌లో పెట్టి చూసుకున్నాను. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. రోజంతా ఇతరుల రిపోర్టులు చూసేదాన్ని, ఆ అంకెకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గడప దగ్గర నిలబడింది. ఇంకో స్కూటీ కొందామన్న మాట ఆ రోజే మానేశాను. మామూలు సైకిల్ మీద వెళ్తే చెమటతో తడిసి ల్యాబ్‌లో అడుగు పెట్టాలి, ఆ తర్వాత ఎనిమిది గంటలు నిలబడి పని చేయాలి. అందుకే తొక్కుతూనే కొంచెం సాయం అందే ఎలక్ట్రిక్ సైకిల్ కావాలనుకున్నాను.

ఇంకో కారణం మా బాబు. వాడికి 12 ఏళ్ళు, గేర్ల సైకిల్ ఉంది. ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు వైపు వెళ్తాడు. 2016లో ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో పక్షులను చూడడానికి కెమెరాలు వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కట్ట మీద, కింద ఎర్రమట్టి బాటల్లో, కంకర మీద నేను కూడా వాడి వెనకే వెళ్ళాలని ఉంది. పెద్ద గుట్టలు ఎక్కడం, బండల మీద నుంచి దూకడం లాంటివి మాకు లేవు.

ఇప్పుడు అసలు విషయం. మూడు షాపులు తిరిగాను. మూడింట్లోనూ నన్ను చూడగానే కిందికి వంగిన ఫ్రేమ్ ఉన్న స్టెప్-త్రూ సైకిల్ ముందుకు తెచ్చారు. పై కడ్డీ ఉన్న హై-స్టెప్ చూపించమంటే ఒక అబ్బాయి "అది జెంట్స్‌ది మేడమ్" అన్నాడు. నేను సైకిల్ నేర్చుకున్నదే జెంట్స్ సైకిల్ మీద. జనగామ దగ్గర మా ఊళ్ళో నాన్న పోస్ట్‌మ్యాన్. ఆయన డ్యూటీ సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చంక సీటు మీద వేసి తొక్కేదాన్ని. ఆ సైకిల్ మీద ఎంత బరువు వేసినా వంకర పోయేది కాదు. ఇవాళ నేను కోరుకుంటున్నది కూడా ఆ గట్టితనమే.

రెండూ నడిపి చూశాను. స్టెప్-త్రూ ఎక్కడం దిగడం సులువు. కానీ వెనక క్యారియర్ మీద నా బ్యాగు పెట్టి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు వెనక భాగం ఒకలా, ముందు భాగం ఒకలా కదిలినట్టు అనిపించింది. హై-స్టెప్ నిలకడగా వెళ్ళింది. కాకపోతే ఆపి కిందికి దిగితే మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది, కడ్డీ తగిలింది. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. షాపు అబ్బాయి "అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట నాకు నమ్మకంగా లేదు.

చూడీదార్ వేసుకుని రోజూ కాలు తిప్పి ఎక్కడం కుదురుతుందా? మేం ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, బండిని పైకి మోయలేను. వానాకాలంలో లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి, మోటార్‌కు ఏమైనా అవుతుందా అని ఇంకో టెన్షన్. బడ్జెట్ 50 వేల లోపు. వాడుతున్నవాళ్ళు చెప్పండి, దయచేసి.


ఎర్రమట్టి_దారి:

అక్కా, నేను నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్తాను. హై-స్టెప్ తీసుకుని మూడో ఏడు నడుస్తోంది. మీరు కోరుకున్నది సరైనదే, మీకు ఎక్కించి చూపించిన సైజు మాత్రం తప్పు. కడ్డీ తగులుతుంటే అది అలవాటయ్యే విషయం కాదు. బాటలో రాయి తగిలి బండి ఒక్కసారిగా ఆగినప్పుడు మీరు సీటు మీద నుంచి ముందుకు జారి కడ్డీ మీద పడతారు. నా మొదటి సైకిల్ ఒక సైజు పెద్దది, ఆ నొప్పి ఏంటో నాకు తెలుసు.

ఇంట్లో గోడకు ఆనుకుని చెప్పులు లేకుండా నిలబడండి. ఒక లావు నోటుబుక్కును కాళ్ళ మధ్య సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి పట్టుకుని, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఎంతో టేపుతో కొలవండి. మీ ఎత్తుకు 74 సెంటీమీటర్లు అటూ ఇటూ వస్తుందనుకుంటున్నాను. బూట్లు వేసుకుంటే ఇంకో రెండున్నర కలుస్తుంది. షాపుకు టేపు పట్టుకెళ్ళి, కడ్డీకి ఇరువైపులా కాళ్ళు వేసి మీరు నిలబడే చోట నేల నుంచి కడ్డీ పై అంచు దాకా కొలవండి. రోడ్డుకైతే మూడు సెంటీమీటర్ల ఖాళీ చాలు, మట్టి బాటలకు ఐదు ఉంటే మంచిది. అంటే మీకు కడ్డీ ఎత్తు 71, 72 దాటకూడదు. హ్యాండిల్ దగ్గర ఎత్తుగా మొదలై సీటు వైపు బాగా వాలిన కడ్డీ ఉన్న చిన్న ఫ్రేమ్ అడగండి. చక్రం 27.5 అంగుళాలు చాలు. 29 జోలికి వెళ్ళకండి, బండి మొత్తం పైకి లేస్తుంది.

షాపులో ముందు మోటార్ వాట్లు చెప్తారు. దాన్ని పెద్దగా పట్టించుకోవద్దు. మన దగ్గర 250 వాట్ల లోపు మోటార్, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగిపోవాలి, అలా ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. 500 వాట్లది ఇస్తాం, వేగం లాక్ తీసేస్తాం అనేవాళ్ళు ఉన్నారు. అది చట్టం దృష్టిలో మోటారు వాహనం అయిపోతుంది, యాక్సిడెంట్ అయిన రోజున మీ పక్కన ఎవరూ నిలబడరు. మీరు అడగాల్సింది సెన్సర్ గురించి. చవక వాటిలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. పెడల్ మొదలుపెట్టిన అరక్షణం తర్వాత మోటార్ నెడుతుంది. రోడ్డు మీద పర్వాలేదు. చెరువు కట్ట మీద మలుపు తిప్పుతున్నప్పుడు అలా వెనక నుంచి నెడితే గుండె జారుతుంది. కాలు ఎంత గట్టిగా తొక్కుతోందో చూసే టార్క్ సెన్సర్ ఉంటే మీ బలంతో పాటే సాయం పెరుగుతుంది, తగ్గుతుంది. 50 వేల లోపు దొరకడం కష్టమే, దొరికితే వదలకండి. లేదంటే బ్రేక్ నొక్కగానే మోటార్ ఆగుతోందా అని తప్పక చూడండి. వెనక చక్రం లేపి పెడల్ తిప్పుతూ బ్రేక్ లీవర్ కొంచెం నొక్కితే తెలిసిపోతుంది. మలుపు ముందు వేలితో లీవర్ తాకితే చాలు, నేను రెండేళ్ళు అలాగే నడిపాను.

బ్యాటరీ లెక్క సులువు. వోల్టులను ఆంపియర్-అవర్‌తో గుణించండి. 36 వోల్టులు, 7.8 అయితే 280 వాట్-అవర్లు. 36, 10 అయితే 360. తొక్కుతూ వెళ్తే నాకు కిలోమీటరుకు 8 నుంచి 10 వాట్-అవర్లు ఖర్చవుతోంది. మీ 26 కిలోమీటర్లకు ఎంత తక్కువన్నా 210, ఎదురుగాలి ఉన్న రోజు 260. కాబట్టి 280 ఉన్నది కొత్తలో సరిపోతుంది, రెండేళ్ళ తర్వాత ఇంటికి రాకముందే చేతులెత్తేస్తుంది. 360 తీసుకోండి. తాళంచెవితో బయటికి తీసే బ్యాటరీ అయి ఉండాలి. బండిని సెల్లార్‌లో గొలుసుతో కట్టేసి, రెండున్నర కిలోల బ్యాటరీని బ్యాగులో పైకి తీసుకెళ్ళడమే. ఫ్రేమ్ లోపల బిగించేసిన రకం మూడో అంతస్తువాళ్ళకు పనికిరాదు.

ఇంకో మాట. కొన్న మొదటి వారమే ట్రాఫిక్‌లోకి దిగకండి. మీకు కొల్లూరు దగ్గరే కదా. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు. అందులో నార్సింగి–కొల్లూరు ముక్క పద్నాలుగున్నర కిలోమీటర్లు. పొద్దున్నే అక్కడికెళ్ళి ఎక్కడం, దిగడం, ఆపడం అలవాటు చేసుకోండి.


సాగరతీరం_52:

చెల్లీ, నేను విశాఖలో ఉంటాను. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం వైపు రోజూ స్టెప్-త్రూ మీద బ్యాంకుకు వెళ్తాను. పై తమ్ముడు చెప్పినవన్నీ నిజమే, కానీ చెప్పనిది ఒకటుంది. క్యారియర్ మీద బ్యాగు నిలువుగా పెట్టి కట్టాక కాలు వెనక నుంచి ఎలా తిప్పుతావు? మగవాళ్ళు వీపుకు బ్యాగు వేసుకుని ఎక్కేస్తారు కాబట్టి వాళ్ళకు ఈ సంగతి తట్టదు. నాకు 49వ ఏట కుడి మోకాలు పట్టేసింది. హై-స్టెప్ అమ్మేసి ఇది తీసుకున్నాను. సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద, వెనక నుంచి ఆటో హారన్ కొడుతున్నప్పుడు కాలు టక్కున కిందికి దించగలగడం చాలా పెద్ద ధైర్యం.

ఊగుతుందన్నావు, అది నిజం. పై కడ్డీ లేనప్పుడు ఆ బలమంతా కింది గొట్టమే మోయాలి. అందుకే మంచి స్టెప్-త్రూలో ఆ గొట్టం లావుగా ఉంటుంది, బరువు కూడా ఎక్కువే. నువ్వు నడిపింది బలహీనమైన ఫ్రేమ్ అయి ఉంటుంది. బ్యాగును క్యారియర్ మీద కాకుండా పక్కన కిందికి వేలాడదీస్తే సగం ఊపు తగ్గుతుంది.

అయినా నీకు 38 ఏళ్ళు, మోకాళ్ళు బాగున్నాయి, మట్టి బాట మీద తిరగాలని ఉంది. హై-స్టెప్ తీసుకోవాలనే ఉంటే తీసుకో. బ్యాగు మాత్రం పక్కకు వేలాడే సంచిలోనే పెట్టు. ఎక్కేటప్పుడు రెండు బ్రేకులూ పట్టుకుని బండిని నీ వైపు బాగా వాల్చి, అప్పుడు కాలు తిప్పు. నిటారుగా నిలబెట్టి కాలు తిప్పాలని చూస్తేనే ఇబ్బంది. కుర్తీ మోకాలి పైకి ఉండేలా చూసుకో. పొడుగుదైతే దిగేటప్పుడు సీటు ముక్కుకు తగులుకుంటుంది, నేను అలాగే పడ్డాను. చున్నీ బ్యాగులో పెట్టేసెయ్, మెడలో వద్దు. ఈ ఒక్కటీ నా కోసం విను.


పానా_పట్టిన_చెయ్యి:

అక్కా, కూకట్‌పల్లిలో నాది సైకిల్ రిపేర్ షాపు. ఎలక్ట్రిక్ సైకిళ్ళు కూడా చూస్తాను. చెరువు కట్ట అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ కట్టల మీద సర్కారు తుమ్మ, కింద పల్లేరు కాయలు. పంక్చర్ తప్పదు. ముందు చక్రానికైతే బాధ లేదు. మోటార్ వెనక చక్రంలో ఉంటుంది, రోడ్డు పక్కన పంక్చర్ షాపుల్లో చాలామంది దాన్ని ముట్టుకోరు. కొన్న రోజే రెండు టైర్లలో ముల్లు ట్యూబు దాకా రాకుండా ఆపే పట్టీ, అంటే లైనర్ వేయించి, ట్యూబులో చిల్లు పూడ్చే సీలెంట్ పోయించండి.

వెనక చక్రం విప్పడం మీరే నేర్చుకోండి, కష్టం కాదు. మోటార్ వైరు ఫ్రేమ్ దగ్గర ఒక కనెక్టర్‌తో కలుస్తుంది, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. చాలా మోటార్లకు నట్లు 18 నంబర్ స్పానర్‌కు వస్తాయి. నట్టు కింద ముక్కులా వంగిన వాషర్ ఉంటుంది, అది ఏ వైపు తిరిగి ఉందో ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది సరిగా కూర్చోకపోతే మోటార్ తిరిగినప్పుడు ఇరుసే తిరిగిపోయి వైరు తెగుతుంది. నా దగ్గరికి అలా తెగినవి చాలా వస్తాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అండర్‌బ్రిడ్జి నీళ్ళ గురించి అడిగారు. వానలో నడపొచ్చు. చక్రం మధ్యలో ఉండే మోటార్ మునిగేంత నీళ్ళు ఉంటే దిగి వేరే దారి చూసుకోండి. మోటార్ వైరు ఇరుసు దగ్గర కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళేలా ఉండాలి, అప్పుడు చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తడిసి ఇంటికొస్తే బ్యాటరీ తీసి, కింద ఉండే పిన్నులు పొడి గుడ్డతో తుడవండి. వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు. ఎండాకాలం కూడా అంతే, వేడిగా ఉన్న బ్యాటరీని ఒక గంట నీడలో ఉంచి అప్పుడు పెట్టండి. 2 ఆంపియర్ల ఛార్జర్‌తో 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండడానికి సుమారు ఐదు గంటలు. రాత్రి పెట్టి పడుకోవద్దు, ఇంటి గుమ్మం దగ్గర అసలే పెట్టొద్దు. ఏదైనా జరిగితే బయటికి వెళ్ళే దారి అదే కదా.

ఇంకొకటి, బరువైన మోటార్ వల్ల వెనక చక్రం పుల్లలు మొదటి నెలలోనే వదులవుతాయి. కొన్న షాపులో ఫ్రీ సర్వీస్ రోజున చైనుకు నూనె కొట్టి పంపేస్తారు. పుల్లలు బిగించమని నోరు తెరిచి అడగండి.


అమీన్‌పూర్_చెరువుకట్ట:

అన్నలకు, అక్కకు చాలా థ్యాంక్స్. పదిహేను రోజులకు తిరిగి రాస్తున్నాను.

గోడ మీద గీత మా బాబు పెట్టాడు. 74 అని మీరు రాశారు, నాకు 73.5 వచ్చింది. టేపు తీసుకుని మళ్ళీ బయల్దేరాను. మొదట చూసిన బండి కడ్డీ 77 ఉంది. బూట్లతో నేను 76. అంటే ఆ రోజు నన్ను నా కంటే ఎత్తైన కడ్డీ మీద ఎక్కించి అలవాటవుతుందని చెప్పారన్నమాట. ఆ సంగతి తెలిసినప్పుడు కోపం వచ్చింది. నేను టేపు తీయకపోతే సరిపోనిది ఇంటికి తెచ్చుకుని, నడపలేక మూలన పెట్టి, నాకే చేతకాలేదనుకునేదాన్ని.

నాలుగో షాపులో 16 అంగుళాల ఫ్రేమ్ దొరికింది. కడ్డీ సీటు వైపు బాగా వాలి ఉంది, కొలిస్తే 71. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనుతున్నాయి. 250 వాట్లు, 36 వోల్టుల 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ, తాళంచెవితో బయటికి వస్తుంది. ముందు షాకబ్జర్వర్, రెండు వైపులా డిస్క్ బ్రేకులు. టార్క్ సెన్సర్ ఉన్నది 68 వేలు చెప్పారు, అంత పెట్టలేకపోయాను. బ్రేక్ లీవర్ తాకితే మోటార్ ఆగుతోంది, షాపులోనే వెనక చక్రం లేపి చూశాను. లైనర్లతో కలిపి 47 వేలు అయింది.

అక్కా, మీరు చెప్పినట్టు బండిని వాల్చి ఎక్కుతున్నాను. మొదటి మూడు రోజులు కొల్లూరు ట్రాక్ మీదే ఎక్కడం, దిగడం. బ్యాగు పక్క సంచిలో, చున్నీ బ్యాగులో. కుర్తీలు నాలుగు టైలర్‌కు ఇచ్చి పొడవు తగ్గించుకున్నాను.

సోమవారం మొదటిసారి డ్యూటీకి వెళ్ళాను. బీహెచ్‌ఈఎల్ దాటి లింగంపల్లి, అక్కడి నుంచి హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) గేటు ముందుగా గచ్చిబౌలి. 46 నిమిషాలు. హెచ్‌సీయూ దగ్గర చెట్ల కింద సాయం పూర్తిగా ఆపేసి ఒక కిలోమీటరు నా కాళ్ళతోనే తొక్కాను. ల్యాబ్‌లో ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు నిలబడితే చెమట ఆరిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మీటర్‌లో ఐదు గీతల్లో రెండు మిగిలాయి.

నాన్నకు ఫొటో పంపాను. ఆయనకు 71 ఏళ్ళు. కడ్డీ కింద ఉన్న బ్యాటరీ చూసి "టపా సంచి అక్కడ పెట్టావా?" అని అడిగారు. వచ్చే నెల వస్తానన్నారు, నడిపి చూస్తారట.

మెకానిక్ అన్నా, వాషర్ల ఫొటో తీసి పెట్టుకున్నాను. ఈ ఆదివారం కట్ట మీదికి వెళ్తున్నాం. మట్టి బాటకు టైర్లలో గాలి ఎంత తగ్గించాలి? రోడ్డుకు 40 పెట్టారు.


పానా_పట్టిన_చెయ్యి:

30 దాకా దించండి అక్కా, అంతకంటే తక్కువొద్దు, రాయి తగిలితే ట్యూబు రిమ్ముకు నలుగుతుంది. చిన్న చేతి పంపు వెంట పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ కొట్టుకోవచ్చు. బాబు సైకిల్‌కు కూడా లైనర్ వేయించండి, అదే ముళ్ళ దారి కదా.